ఖాళీ ఫోల్డర్ల లిస్టు

మా బాబాయి దగ్గర ఒక పొడవాటి నోటుబుక్కు ఉంటుంది. ఎడమ పక్క క్లయింట్ల పేర్లు, పైన నెలలు, మధ్యలో స్కేలుతో గీసిన గళ్లు. బిల్లులు వస్తే గడిలో ఒక అడ్డగీత. పన్ను రిటర్ను వేశాక దాని మీద ఇంకో గీత, ఇంటూ మార్కు అవుతుంది. ఏమీ రాకపోతే గడి తెల్లగా ఉంటుంది. ఎనిమిదో తారీఖు వచ్చిందంటే ఆయన ఎర్ర పెన్ను పట్టుకుని ఆ తెల్ల గళ్లకు సున్నాలు చుట్టి, వరసగా ఫోన్లు చేసేవాడు. సేల్స్ టాక్సు రోజుల్లో అదే పద్ధతి, 2005లో వ్యాట్ వచ్చినప్పుడు అదే, 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడూ అదే. నోటుబుక్కుల అట్టలు మాత్రం మారాయి.

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో వ్యాపారులకు పన్ను రిటర్నులు వేసిపెట్టే రెండు గదుల ఆఫీసు మాది. ఆ నోటుబుక్కును మూలన పెట్టించిన పాపం నాది.

నేను ఆఫీసులో కూర్చోవడం మొదలుపెట్టేనాటికి క్లయింట్లు 64 మంది. మిర్యాలగూడ రైసు మిల్లులు కొన్ని, బత్తాయి తోటలకు డ్రిప్పు పైపులు అమ్మే షాపులు, సిమెంటు, హార్డ్‌వేర్, ఎరువుల దుకాణాలు. బిల్లులు కవర్లలో రావడం తగ్గిపోయింది, అన్నీ వాట్సాప్‌లో ఫోటోలే. కాబట్టి ఒక్కో క్లయింటుకు గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టాను. చేయాల్సిన పనుల లిస్టు గూగుల్ టాస్క్స్‌లో పెట్టాను. ఆఫీసు జీమెయిల్ ఎలాగూ ఉంది, రెండూ ఆ ఖాతాలోనే వస్తాయి, పైసా ఖర్చు లేదు. టాస్క్స్ లిస్టును వేరే ఖాతాతో పంచుకోవడానికి వీల్లేదు కాబట్టి బాబాయి, నేను, మా దగ్గర పనిచేసే అమ్మాయి ముగ్గురమూ ఫోన్లలో ఆ ఒక్క ఖాతానే పెట్టుకున్నాం. ఆ అమ్మాయి నకిరేకల్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. బస్సులో కూర్చునే ఆ రోజు పనులు చూసుకుంటుందని నేను మురిసిపోయాను.

మొదటి రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెలలో దేవరకొండ హార్డ్‌వేర్ షాపతని దగ్గర దొరికిపోయాం.

అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 రిటర్ను ప్రతి నెలా 11లోపు వేయాలి, పన్ను లెక్క చూపే 3బీ 20లోపు. మా లిస్టులో అతని పేరు పక్కన టిక్ ఉంది. టిక్ ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తీరా చూస్తే బిల్లులు వచ్చాయని అమ్మాయి టిక్ పెట్టింది, రిటర్ను వేశారని నేను అనుకున్నాను. ఆ వచ్చిన బిల్లులు కూడా అంతకుముందు నెలవి. సరుకు కొన్నవాళ్లకు జీఎస్టీ పోర్టల్‌లో 14వ తేదీన తయారయ్యే 2బీ పట్టికలో అతని అమ్మకాలు లేకపోవడంతో సూర్యాపేటలో అతని దగ్గర సరుకు కొన్న వ్యాపారికి, కొన్నప్పుడు కట్టిన పన్నుకు రావలసిన ఆ నెల క్రెడిట్ కనబడలేదు. ఆయన షాపతన్ని తిట్టాడు, షాపతను మమ్మల్ని తిట్టాడు. 3బీ 29న వేశాం. రోజుకు 50 చొప్పున తొమ్మిది రోజుల లేటు ఫీజు, 450 రూపాయలు. అది మేమే పెట్టుకున్నాం.

"నీ యాప్ ఏం జెప్పింది రా?" అని మాత్రం అడిగాడు బాబాయి. నోటుబుక్కు ఊసెత్తలేదు. ఎత్తినా బాగుండేది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. లిస్టుకు ఏం చేయాలో తెలుసు. డ్రైవ్‌కు ఏం వచ్చిందో తెలుసు. దీని సంగతి దానికి తెలియదు. రెంటి మధ్యా ఉన్నది మా కళ్లే. ఆ కళ్లు 64 ఫోల్డర్లు తెరిచి చూడాలి, అదీ రోజూ. ఎవరు చూస్తారు?

ఇలాంటి రెండు యాప్‌లను కలిపే సర్వీసులు ఉన్నాయని తెలుసు. జాపియర్, మేక్, ఐఎఫ్‌టీటీటీ లాంటివి. "ఇక్కడ ఇది జరిగితే అక్కడ అది చెయ్యి" అని ఒకసారి చెప్పి పెడితే చేసుకుంటూ పోతాయి. కోడ్ రాయక్కర్లేదు. వాటిల్లో ఒకటి తీసుకుని ఉచిత ప్లాన్‌లోనే మొదలుపెట్టాను. డ్రైవ్‌లో కొత్త ఫైల్ పడితే లిస్టులో ఒక పని చేర్చు, అంతే నేను పెట్టిన నియమం. పది నిమిషాల్లో అయిపోయింది. ఇంత సులువా అనుకున్నాను.

ఆ రాత్రి మిర్యాలగూడ మిల్లు గుమాస్తా నెల మొత్తం కాగితాలు ఒక్క ఊపున పంపాడు. గోనె సంచుల బిల్లులు, కరెంటు మోటారు రిపేరు, తవుడు అమ్మిన ఇన్వాయిస్‌లు, వాటితో పాటు అవసరం లేని కాంటా చీటీలు కూడా. మొత్తం 43 ఫోటోలు. అమ్మాయి వాటిని ఇంటి నుంచే డ్రైవ్‌లో వేసి పడుకుంది. పొద్దున లిస్టులో 43 కొత్త పనులు. ఉచిత ప్లాన్‌లో నెలకు వంద పనులే. రెండో రోజు సాయంత్రానికి ఆ వంద ఖర్చయిపోయాయి, ఇంకా నెలలో 28 రోజులున్నాయి. పైగా నేను చూపించిన ఫోల్డర్‌లో నేరుగా పడ్డ ఫైళ్లనే అది పట్టుకుంది, లోపల నెలవారీ ఫోల్డర్లలో పడ్డవి దానికి కనబడనే లేదు.

డబ్బు కడితే పరిమితి పెరుగుతుంది. కానీ అసలు తప్పు నా ఆలోచనలోనే ఉంది. వచ్చిన బిల్లు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అది కళ్ల ముందే ఉంది. నాకు కావలసింది రాని బిల్లు. ఏదన్నా జరిగితే గంట కొట్టే సర్వీసులు బోలెడున్నాయి. జరగనిదానికి గంట కొట్టాలంటే ఎవరో ఒకరు రోజూ వెళ్లి చూసి రావాలి. బాబాయి నోటుబుక్కులో తెల్ల గడి చేసిన పని అదే.

అప్పుడు గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ దగ్గరికి వచ్చాను. డ్రైవ్, షీట్స్, టాస్క్స్, జీమెయిల్ వీటన్నిటితో మాట్లాడే చిన్న ప్రోగ్రాములు అందులో రాసుకోవచ్చు. ఫలానా గంటకు రోజూ నడవమని టైమ్ ట్రిగ్గర్ పెడితే మన కంప్యూటర్ ఆపేసి ఉన్నా గూగుల్ వైపు నడుస్తుంది. నల్లగొండలో కరెంటు పోయినా దానికేం ఫరక్ పడదు. నేను చదివింది బీకామ్, కోడ్ రాయడం రాదు. చాట్‌బాట్‌ను అడిగి రాయించుకున్నాను, అర్థం కాని ప్రతి లైనునూ మళ్లీ దాన్నే అడిగాను. మొదటిసారి నడిపినప్పుడు "ఈ యాప్‌ను గూగుల్ ధ్రువీకరించలేదు" అని ఎర్రటి గుర్తుతో హెచ్చరిక వస్తే భయపడి మూసేశాను. మన స్క్రిప్టుకు మనమే అనుమతి ఇస్తున్నామని తెలుసుకోవడానికి ఒక రోజు పట్టింది. అయినా ఆ భయం మంచిదే. ఎవరో రాసిన స్క్రిప్టు అయితే ఆ స్క్రీన్ దగ్గర ఆగిపోవాల్సిందే, అందులో 64 మంది లెక్కలున్నాయి.

మొదట ఒక షీటు తయారు చేశాను. ఒక్కో క్లయింటుకు ఒక వరస: నంబరు, పేరు, ఫోను, రిటర్ను నెలకా మూడు నెలలకా, ఫోల్డర్ ఐడీ. ఈ నంబరు గురించి చెప్పాలి. మా మిల్లుల్లో సగం లక్ష్మీదేవి పేరు మీద, మిగతా సగం వెంకటేశ్వరస్వామి పేరు మీద ఉంటాయి. లక్ష్మి, లక్ష్మీ, శ్రీలక్ష్మి, మహాలక్ష్మి. పేరు చూసి ఫోల్డర్ వెతకమంటే స్క్రిప్టు నిలువునా మోసపోతుంది. పైగా డ్రైవ్‌లో ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉన్నా అభ్యంతరం ఉండదు, కంప్యూటర్‌లో లాగా "ఈ పేరు ఇప్పటికే ఉంది" అని ఆపదు. డ్రైవ్ దృష్టిలో ఫోల్డర్‌కు అసలు గుర్తు ఐడీయే. మరి మనుషులకు? బాబాయి ఫైలు అట్టల మీద ఎప్పటినుంచో నంబర్లు వేసుకున్నాడు. ఆ నంబర్లే తీసుకున్నాను. ఆయన ముఖంలో కొంచెం వెలుగు కనబడింది.

స్క్రిప్టు పని ఇదీ. నెల మొదటి రోజు ప్రతి క్లయింటు ఫోల్డర్‌లో కొత్త నెల ఫోల్డర్ చేయాలి. లిస్టులో ఆ క్లయింటు పేరున పని చేర్చి, దాని నోట్‌లో ఆ ఫోల్డర్ లింకు పెట్టాలి. ఆ తర్వాత ప్రతి రాత్రి లిస్టు సరిగా ఉందో లేదో చూసి, ఏదైనా పని తగ్గితే మళ్లీ చేర్చాలి.

ఈ చివరి వాక్యమే నా కొంప ముంచింది.

మూడో రోజు పొద్దున అమ్మాయి బస్సు దిగుతూనే ఫోన్ చేసింది. "అన్నా, మనకు క్లయింట్లు డబులైన్రా?" లిస్టు తెరిచి చూస్తే 152 పనులు. సంగతేంటంటే, స్క్రిప్టు లిస్టును అడిగినప్పుడు, ఎన్ని కావాలో చెప్పకపోతే ఒకసారికి 20 మాత్రమే వస్తాయి. ఎక్కువలో ఎక్కువ 100 అడగవచ్చు, అంతకు మించితే తర్వాతి పేజీ అడుక్కోవాలి. ఇదంతా గూగుల్ డాక్యుమెంట్లలో రాసే ఉంది, చదవనిది నేను. స్క్రిప్టుకు 20 కనబడ్డాయి, మిగతా 44 లేవనుకుంది, మళ్లీ చేర్చింది. మరుసటి రాత్రి ఇంకో 44. పాపం, దాని తప్పేం లేదు, చెప్పిన పని శ్రద్ధగా చేసింది.

అది సరిచేశాక ఇంకో వింత. అమ్మాయి ఫోన్‌లో టిక్ పెట్టిన పనులు తెల్లారేసరికి మళ్లీ లేచి కూర్చుంటున్నాయి. ఫోన్‌లోనో వెబ్‌లోనో పూర్తి చేసిన పనులను టాస్క్స్ దాచిపెడుతుంది. స్క్రిప్టు వాటిని కూడా చూడాలంటే "పూర్తయినవి చూపించు" ఒక్కటే సరిపోదు, "దాచినవి చూపించు" అని కూడా విడిగా చెప్పాలి. అది చెప్పేదాకా రెండు రోజులు ఆ అమ్మాయి పెట్టిన టిక్కులే మళ్లీ మళ్లీ పెట్టుకుంటూ కూర్చుంది. "టిక్కు పెట్టుడే నా ఉద్యోగమైంది" అంది.

తారీఖుల విషయం ఇంకా తమాషా. 11వ తేదీ గడువు పెట్టమంటే అన్ని పనులూ 10 అని చూపించాయి. కోడ్ నాలుగుసార్లు చదివాను, అందులో 11 అనే ఉంది. చివరికి తెలిసింది ఇది: స్క్రిప్టు మన టైములో 11వ తేదీ అర్ధరాత్రి 12 గంటలు అని లెక్కగట్టింది. దాన్ని పంపేటప్పుడు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మార్చింది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి అది 10వ తేదీ సాయంత్రం 6:30 అయింది. టాస్క్స్ గడువులో తేదీని మాత్రమే ఉంచుకుని గంటలను వదిలేస్తుంది. మిగిలింది 10. గడువు గంటను మధ్యాహ్నం 12గా మారిస్తే సరిపోయింది, అక్కడ అప్పుడు పొద్దున 6:30, తేదీ అదే. నేను ఈ ఘనకార్యం బాబాయికి వివరిస్తే ఆయన అంతా విని, "పదే ఉండనియ్యి. పదకొండునాడు పోర్టల్ ఎట్ల నడుస్తదో నీకెర్క లేదా?" అన్నాడు. నిజమే. సరిచేసిన తర్వాత కావాలనే 9 అని పెట్టాం.

ఇవన్నీ నవ్వుకునే కష్టాలు. నవ్వు రానిది ఒకటి జరిగింది.

వాట్సాప్ నుంచి డ్రైవ్‌లోకి ఎక్కించే పని తగ్గుతుందని, ఫోన్ బాగా వాడే నలుగురైదుగురు క్లయింట్లకు వాళ్ల ఫోల్డర్‌ను షేర్ చేసి, బిల్లులు నేరుగా అందులోనే వేయమన్నాను. చక్కగా వేశారు. ఒక ఎరువుల దుకాణం అతను అందరికంటే ముందుండేవాడు, నెల సగంలోనే బిల్లులు చేరేవి. ఒక రోజు అతని రిటర్ను కోసం ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఆ నెలవే కాదు, అంతకుముందు రెండు నెలలవి కూడా లేవు. నా గుండె జారిపోయింది. జీఎస్టీ రికార్డులు, వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టం. మూడు నెలలకే పోగొట్టుకున్నామంటే ఎవరికి చెప్పుకుంటాం?

అమ్మాయిని అడిగాను, తను ముట్టలేదంది. స్క్రిప్టే తీసేసిందేమో అని నా భయం. లైను లైనూ చదివాను, అందులో తీసేసే ఆజ్ఞే లేదు. చివరికి అతనికే ఫోన్ చేశాను.

"పంపిన కద సారు. పని అయిపోయింది కదా అని నా ఫోన్‌ల తీసేసిన. స్టోరేజీ నిండిందని రోజు మెసేజ్ వస్తుంటే" అన్నాడు.

అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఫోల్డర్ మనది అయినా, అందులో అతను వేసిన ఫైలుకు యజమాని అతనే. అది అతని 15 జీబీలోనే లెక్కలోకి వస్తుంది, జీమెయిల్‌తో, ఫోటోలతో కలిపి. యజమాని తీసేస్తే మన ఫోల్డర్‌లోనూ ఉండదు. అతని తప్పేం లేదు, తన ఖాతాలో తన వస్తువు తీసేశాడు. అదృష్టం, ఐదు రోజులే అయింది. డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజుల వరకు ఉంటాయి. ఆ సాయంత్రమే అతని షాపుకు బండి మీద వెళ్లి, యూరియా బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని, అతని ఫోన్‌లో ఒక్కొక్కటే వెనక్కి తెప్పించాను. అతను చాయ్ తెప్పించాడు.

ఆ తర్వాత స్క్రిప్టుకు ఇంకో పని చేరింది. షేర్ చేసిన ఫోల్డర్లలో బయటివాళ్లు వేసిన ప్రతి ఫైలుకూ మా ఖాతాలో ఒక కాపీ తీయాలి. కాపీకి యజమానులం మేమే. ఇది పెట్టాక స్క్రిప్టు మధ్యలో ఆగిపోవడం మొదలైంది, ఎందుకంటే ఒక్కసారికి ఆరు నిమిషాలకు మించి నడవనివ్వరు. కాబట్టి ఎక్కడిదాకా వచ్చిందో షీటులో రాసుకుని, తర్వాతి ట్రిగ్గర్‌లో అక్కడినుంచి అందుకునేలా మార్చాను. వాట్సాప్‌లో పంపేవాళ్ల బిల్లులు మాత్రం ఇప్పటికీ అమ్మాయే ఎక్కిస్తుంది. ఫైలు పేరు ముందు క్లయింటు నంబరు పెట్టి ఒకే ఇన్‌వర్డ్ ఫోల్డర్‌లో వేస్తుంది, స్క్రిప్టు నంబరు చూసి ఎవరివి వాళ్లకు పంచుతుంది. నంబరు లేని ఫైళ్లు అక్కడే పడి ఉంటాయి, సాయంత్రం నేను చూస్తాను. మనిషి చేయి పూర్తిగా తీసేద్దామని మొదట్లో తెగ ప్రయత్నించాను, ఇప్పుడు ఆ సరదా లేదు.

ఆ సరదా తీరిపోవడానికి ఇంకో కారణం టిక్కు. రిటర్ను వేశాక 3బీ పీడీఎఫ్ ఫోల్డర్‌లో పెడతాం కదా, ఫైలు పేరులో 3బీ అని కనబడితే పనికి టిక్ పెట్టెయ్యమని స్క్రిప్టుకు చెప్పాను. ఒక రోజు ఒక మిల్లు పనికి టిక్ పడింది. చూస్తే అది పోర్టల్‌లో వేయడానికి ముందు సరిచూసుకోవడానికి దించుకునే డ్రాఫ్టు. రిటర్ను వేయనే లేదు. 19వ తేదీ కాబట్టి పట్టుకున్నాం, 21 అయితే దేవరకొండ కథ మళ్లీ మొదలయ్యేది. ఆ రోజే ఆ ముక్క కోడ్ తీసేశాను. ఇప్పుడు రిటర్ను వేసినవాళ్లు పోర్టల్ రసీదుగా ఇచ్చే ఏఆర్‌ఎన్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు పని నోట్‌లో రాసి, అప్పుడు చేత్తో టిక్ పెట్టాలి. బిల్లులు రావడం ఒక పని, రిటర్ను వేయడం ఇంకో పని, రెండూ విడివిడిగా ఉంటాయి. నోటుబుక్కులో రెండు గీతలు ఉండేవి, గుర్తుందా? నేను వాటిని ఒక్క టిక్కు చేసి తెలివైన పని అనుకున్నాను.

ఇక అసలు కావలసింది చివర్లో రాశాను, అది ఇరవై లైన్లు కూడా లేదు. ప్రతి నెల 8న పొద్దున ఏడింటికల్లా స్క్రిప్టు అన్ని నెల ఫోల్డర్లూ తిరిగి చూసి, ఒక్క ఫైలూ లేని క్లయింట్ల నంబరు, పేరు, ఫోను ఒక మెయిల్‌లో పంపుతుంది. బిల్లులు వచ్చినవాళ్ల పేర్లు అందులో ఒక్కటీ ఉండవు. అమ్మాయి ఆఫీసుకు రాగానే దాన్ని ప్రింట్ తీసి బాబాయి బల్ల మీద పెడుతుంది. మెయిల్ ఫోన్‌లోనే చూసుకోవచ్చు కదా అని రెండు నెలలు పోరాను, వినలేదు. కాగితమే కావాలంటాడు.

ఇప్పుడు యాసంగి కోతలు. మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, గుమాస్తాలకు తలెత్తే తీరిక ఉండదు. నిన్న 8. లిస్టులో 19 పేర్లు వచ్చాయి, పదకొండు మిర్యాలగూడవే. అమ్మాయి కాగితం పెట్టి వెళ్లింది. బాబాయి కళ్లజోడు సర్దుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మొదటి పేరుకు సున్నా చుట్టాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"బిల్లులు పంపిన కద సారు, మీ వాట్సాప్‌ల సూడున్రి" అంది అవతలి గొంతు.

"నా దగ్గర కాగితం ఉంది నాయనా" అన్నాడు బాబాయి.